ఏడిచాక సంతకం పెడతారు

కమలాకుమారి టీచరు ఆ ఒక్క మాట చెప్పడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. చూడకూడదనుకుంటూనే డాక్టరు వైకుంఠరావు గోడ గడియారం వైపు నాలుగుసార్లు చూశాడు.

మంచం పక్కన, టీచర్ని కనిపెట్టుకుని ఉండే పుణ్యవతి అక్షరమాల అట్ట పట్టుకుని నిలబడింది. "అచ్చా? హల్లా?" అంటుంది పుణ్యవతి. టీచరు కళ్ళు పైకెత్తితే అవునని, మూస్తే కాదని. "క వరసా? చ వరసా? ట వరసా? త వరసా?" కళ్ళు పైకి లేస్తాయి. "తా? థా? దా? ధా? నా?" మళ్ళీ లేస్తాయి. అక్షరం దొరికాక గుణింతం పట్టుకోవాలి. "తలకట్టా? దీర్ఘమా? గుడా?" అప్పటికి ఒక 'ని' అవుతుంది.

ఒంట్లో కదిలేవి ఆ కళ్ళు రెండే. మూడేళ్ళ కిందట, రిటైరయ్యాక ఇంట్లో పిల్లలకి తెలుగు చెబుతుండగా, కుడిచేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. తీసి పట్టుకుంటే మళ్ళీ జారింది. అలా మొదలైంది. ఆ తరవాత కాళ్ళు, ఆ తరవాత నాలుక, ఆ తరవాత మింగడం. నరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బు. మందు లేదు. పొట్టలోకి గొట్టం వేసి పాలూ జావా పోస్తున్నారు. ఇక మిగిలింది ఊపిరి. బుర్రకి మాత్రం ఏమీ కాలేదు. ఈ జబ్బులో అన్నిటికంటే కష్టమైన సంగతి అదే.

"ఒత్తులు వదిలేయండి టీచరుగారూ, మాకు అర్థమైపోతుంది" అని డాక్టరు ఎన్నోసార్లు చెప్పాడు. ఆవిడ వదల్లేదు. ముప్పై అయిదేళ్ళు బరంపురంలో తెలుగు బడి పిల్లలకి ఒత్తులు దిద్దిన మనిషి. సోనేపూరు నుంచి వచ్చిన పుణ్యవతి అయిదో క్లాసుతో చదువు ఆపేసింది. ఈ మంచం పక్కన నిలబడి నిలబడి ఇప్పుడు తప్పుల్లేకుండా తెలుగు రాస్తోంది.

ఆవేళ టీచరు అన్నది ఇదీ: "నిద్రపోయే ఇంజక్షన్ మీరే ఇవ్వాలి."

అందులో ఒత్తులు మూడు. మూడూ చెప్పించింది.

పుణ్యవతి అక్షరాలు కూడబలుక్కుని చదివి, చదివిన తరవాత అట్ట కిందికి దించేసింది. "ఓలమ్మ! ఇదేటి టీచరమ్మా, ఇలగంటారు?"

"నిద్ర పట్టడం లేదా? రాత్రి వేసే మాత్ర మారుస్తాను" అన్నాడు వైకుంఠరావు.

టీచరు కళ్ళు మూసింది. కాదు. మూసిన కళ్ళు తెరవడానికి కాస్త ఆలస్యం చేసింది కూడా. బళ్ళో అబద్ధం చెప్పిన పిల్లాడి ముందు ఆవిడ అలాగే ఆగేదేమో.

డాక్టరు పుణ్యవతిని టీ పెట్టమని లోపలికి పంపి, అట్ట తనే తీసుకున్నాడు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. సర్కారు ఉద్యోగంలో ముప్పై నాలుగేళ్ళు చేసి, రిటైరయ్యాక గేటు బజారు సందులో చిన్న క్లినిక్కు పెట్టుకున్నాడు. పెట్టుకున్నప్పుడు నాలుగేళ్ళు చూసి మూసేద్దామనుకున్నాడు. ఇప్పటికి పదకొండేళ్ళయింది. ఈ ఇంటికి ప్రతి గురువారం వస్తాడు. వచ్చి చేసేదేమీ లేదు. నాడి చూస్తాడు, ఛాతీమీద స్టెతస్కోపు పెడతాడు, వీపుమీద పుండ్లు పడ్డాయేమో చూస్తాడు, వెళ్ళిపోతాడు.

"చచ్చిపోవడానికా?" అని అడిగాడు.

కళ్ళు పైకి లేచాయి.

"ఆ పని ఈ దేశంలో నేరమండీ. డాక్టరు చేసినా నేరమే. జైలు."

అట్టమీద డాక్టరు వేలు కదిలింది. ఆయనకి పుణ్యవతి అంత వేగం లేదు. చాలాసేపటికి ఒక మాట తేలింది: "తప్పా?"

నేరమా అని ఆవిడ అడగలేదు. వైకుంఠరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తప్పో కాదో నాకు తెలీదు. మీ ఒక్కరి సంగతైతే కాదేమో. కాని మీకు ఇచ్చేనని తెలిస్తే రేపు నా గుమ్మంలో ఇంకొకడు నిలబడతాడు. మా అమ్మ కూడా అడుగుతోందంటాడు. నిజంగా అడిగినవాళ్ళెవరో, ఇంట్లోవాళ్ళ విసుగు చూడలేక అడిగేసినవాళ్ళెవరో పోల్చుకోవడం నాకు రాదు. ఎవరికీ రాదు."

"నేను అడిగాను."

"అడిగారు."

"చివరికి ఊపిరాడక పోతాను. అది చట్టానికి సరేనా?"

ఈ వాక్యానికి ఎంతసేపు పట్టిందో ఈసారి డాక్టరు చూడలేదు. పుణ్యవతి తెచ్చిన టీ చల్లారిపోయింది. డాక్టరు లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "వచ్చే గురువారం మాట్లాడుకుందాం" అన్నాడు. మాట్లాడలేని మనిషితో ఆ మాట అన్నందుకు వీధిలోకి వచ్చాక తనని తనే తిట్టుకున్నాడు.

*

ఆ వారమంతా ఆయనకి హుమ్మ అనే ఊరు గుర్తొస్తూనే ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఉప్పు మళ్ళ పక్కన చిన్న ఆరోగ్యకేంద్రం. దేముడు అనే ఉప్పు కూలీని పిచ్చికుక్క కరిచి రెండు నెలలైన తరవాత తీసుకొచ్చారు. అప్పటికే నీళ్ళు చూస్తే గొంతు పట్టేసి గిలగిల్లాడుతున్నాడు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. ఆ దశకొచ్చాక బతికించే మందు లేదు. మంచానికి కట్టేశారు. వాళ్ళమ్మ చిట్టమ్మ డాక్టరు కాళ్ళు పట్టుకుంది. "బావూ, నా కొడుకు బతకడని నాకు తెలుసు. ఇలగ సావనీకండి బావూ. సూదేసీండి."

బీరువాలో నొప్పిమందు సూదులున్నాయి. బీరువా తాళం ఆయన జేబులో ఉంది. చంపమని ఆవిడ అడిగినా, చంపనక్కర్లేదు. బాధ తెలియకుండా మత్తులో ఉంచితే చాలు, అది వైద్యమే. కాని మందిచ్చాక మనిషి పోతే, ఆ మందువల్లే పోయాడంటారేమోనని భయం. విచారణ వస్తుందని భయం. ఒక చిన్న సూది ఇచ్చి ఊరుకున్నాడు. అది చాలలేదు. దేముడు రెండు పగళ్ళు అరిచాడు. ఆ తరవాత చిట్టమ్మ డాక్టరుని ఒక్క మాట కూడా అనలేదు. చేతులెత్తి దణ్ణం పెట్టి మరీ శవాన్ని తీసుకెళ్ళింది.

ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎవరితోనూ చెప్పలేదు. అందులో చెప్పుకోవడానికేముంది? చేసిన తప్పయితే చెప్పుకోవచ్చు. చెయ్యకుండా ఊరుకున్నదాన్ని ఎలా చెబుతారు?

మరుసటి గురువారం ఆయన చేతిలో కొన్ని కాగితాలున్నాయి.

"మీరడిగింది నావల్ల కాదు" అన్నాడు టీచరుతో. "సూది వేసి ప్రాణం తియ్యడానికి చట్టం ఒప్పుకోదు. నా చెయ్యీ ఒప్పుకోదు. కాని ఒకటుంది. ఊపిరి ఆగే వేళ వచ్చినప్పుడు గొంతులో గొట్టం పెట్టొద్దు, మిషను మీద ఉంచొద్దు, బాధ తెలియకుండా మాత్రం మందివ్వండి అని ముందుగానే రాసిపెట్టుకోవచ్చు. తెలివిలో ఉండగా, ఇద్దరు సాక్షుల ముందు. నోటరీ గాని గెజిటెడ్ ఆఫీసరు గాని దాన్ని ధ్రువీకరించాలి. సుప్రీంకోర్టు చెప్పింది. రాసింది రాసినట్టు వినాలి."

పుణ్యవతి అట్ట ఎత్తింది. టీచరు కాగితాల వైపు చూసింది. తరవాత చెప్పించింది: "పోనివ్వడానికీ పంపడానికీ తేడా ఏమిటి?"

వైకుంఠరావు ఆలోచించి నిజమే చెప్పాడు. "నా చేతికి తేడా ఉంది టీచరుగారూ. మీకు లేదు."

ఆవిడ కళ్ళు పైకెత్తింది. ఒప్పుకున్నట్టో, విన్నాను అన్నట్టో.

*

కాగితం రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. అదే మాటలు వైకుంఠరావు సొంతంగా రాసిస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. పుణ్యవతి ఒక్కో అక్షరం ఏరి కాపీ పుస్తకంలో రాసుకుంది.

ఆవిడకి తెలివి తప్పితే ఆవిడ నిర్ణయాన్ని ఆసుపత్రికి చెప్పవలసిన దగ్గరి మనుషుల పేర్లు రాయాలి. రెండో పేరు విశాఖపట్నంలో ఉన్న చెల్లెలిది. మొదటి పేరు భర్త ఆదినారాయణది.

"ఆయనా?" అన్నాడు డాక్టరు. "ఆయన చెప్పగలరంటారా?"

ఆదినారాయణ బడా బజారులో చింతపండు, ఎండుమిరపకాయల టోకు వ్యాపారి. మూడు తరాలుగా బరంపురంలో ఉన్న కుటుంబం. ఒడియావాళ్ళతో ఒడియా, ఇంట్లో తెలుగు. పిల్లల్లేరు. రోజూ మధ్యాహ్నం కొట్టు నుంచి వచ్చి, స్నానం చేసి మిరపఘాటు వదిలించుకుని, మంచం పక్కన కుర్చీ వేసుకుని కబుర్లు చెబుతాడు. పురుషోత్తంపూరు వైపు నుంచి కొత్త చింతపండు వచ్చిందనీ, బస్తా విప్పితే నల్ల తేలు కనబడిందనీ, హమాలీ బస్తా వదిలేసి వీధి చివరిదాకా పరుగెత్తాడనీ. ఆవిడ వింటుంది. కాగితం సంగతి తెలిసినప్పుడు ఆయన డాక్టరు మీద మొదటిసారి గొంతు పెంచాడు.

"నాను రోజూ వొచ్చి మాటాడతాను. ఆవిడ వింటాది. నవ్వొస్తే కళ్ళల్లో తెలుస్తాది నాకు. అది బతుకు కాదేటి డాట్రుగారూ? మీరు చదువుకున్నోళ్ళు, బతుకంటే కాళ్ళూ సేతులూ అనుకుంటన్నారు."

"నేననుకోవడం లేదు ఆదినారాయణగారూ. ఆవిడ అంటోంది."

"ఆవిడికి ఇసుగు. మనిషన్నాక ఇసుగు రాదా? నాకు రాదా? కొట్టుకి తాళమేసి ఏ గోపాలపూరు సముద్రంలోనో దిగిపోవాలనిపించదా? ఇసుగొచ్చిన నాడు సెప్పిన మాట కాయితమ్మీద రాసీసి స్టాంపేసీడమేటి?"

విసుగుకీ నిశ్చయానికీ హద్దు ఎక్కడో డాక్టరుకి కూడా తెలీదు. తను నాలుగు రోజులుగా నిద్రపోలేదన్న సంగతి మాత్రం తెలుసు.

చివరి వాక్యం తొమ్మిదో రోజు పొద్దున్న చెప్పించింది టీచరు. పుణ్యవతి రాసి, డాక్టరుకి చూపించడానికి సిగ్గుపడింది. అందులో ఇలా ఉంది: "నా భర్త ఏడుస్తారు. ఏడవనివ్వండి. ఏడిచాక సంతకం పెడతారు."

*

నోటరీ దొరకలేదు. దొరకలేదంటే, నోటరీలున్నారు, ఈ కాగితం ముట్టుకునేవాళ్ళు దొరకలేదు.

మొదటాయన రెండు పేజీలు చదివి, "ఆజ్ఞా, ఎ కామొ మోరొ నుహే" అని వెనక్కి తోశాడు. ఈ పని నాది కాదయ్యా అని. రెండో ఆయన ఇది ఆత్మహత్య కాగితమన్నాడు. కాదని వైకుంఠరావు కోర్టు తీర్పు ప్రతి తీసి చూపిస్తే, ఇంత పెద్ద తీర్పు చదివే తీరిక లేదన్నాడు. మూడో ఆయన మంచివాడు; కుర్చీ వేశాడు, మంచినీళ్ళిప్పించాడు, వచ్చే నెల రమ్మన్నాడు. ఊపిరి నెలల లెక్కలో మిగిలిన మనిషి కాగితానికి వచ్చే నెల ఏమిటని డాక్టరు అడగలేదు. అడిగే ఓపిక లేకపోయింది. ఎండలో మెట్లు దిగి రిక్షా కోసం నిలబడితే, ఎవరి కోసం తిరుగుతున్నానో, టీచరు కోసమో, ఆ సూది ఇవ్వకుండా తప్పించుకోవడానికో ఆయనకే అర్థం కాలేదు.

చివరికి టీచరే పేరు చెప్పించింది: "జయలక్ష్మి."

జయలక్ష్మి ఆవిడ దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు నలభై దాటింది. పశువుల డాక్టరు, పురుషోత్తంపూరు దగ్గర సర్కారు ఉద్యోగం. గెజిటెడ్ ఆఫీసరు. ఫోను చేస్తే ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చింది, చేతిసంచిలో ఆఫీసు ముద్ర పెట్టుకుని. టీచరుతో కలిసి పనిచేసిన ఇద్దరు పంతుళ్ళు సాక్షులుగా వచ్చి గోడవారగా కూర్చున్నారు.

జయలక్ష్మి కాగితమంతా చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగి, "ఇది కూడా ఉండాలా టీచర్?" అంది. కళ్ళు పైకి లేచాయి.

"మీరు తెలిసే చెబుతున్నారా? ఎవరైనా చెప్పమన్నారా?"

ఆ ప్రశ్న అడగడం ఆమె విధి. టీచరు జవాబు పుణ్యవతి అక్షరాలు పేర్చి చదివింది: "బాగా అడిగావు. ఎవరూ చెప్పలేదు."

టీచరు బొటనవేలికి పుణ్యవతి సిరా రాసి, చెయ్యి పట్టి కాగితం మీద ఆనించింది. ముప్పై అయిదేళ్ళు ఎర్రసిరాతో దిద్దిన చెయ్యి. జయలక్ష్మి సంతకం పెట్టి, ముద్ర వేసి, వరండాలోకి వెళ్ళిపోయింది. డాక్టరు వెనకే వెళ్ళాడు.

"మొన్న లారీ గుద్దిన కుక్కని తెచ్చారండీ" అందామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "నడుం విరిగిపోయింది. ఇంక లేవదని తెలిసి నేనే సూది ఇచ్చేను. అయిదు నిమిషాలు. అందరూ దయగల తల్లి అన్నారు. మా టీచరికి నేను చెయ్యగలిగింది స్టాంపు వెయ్యడం."

"కుక్క అడగదు కదమ్మా. మనమే తేల్చేస్తాం. మనుషుల సంగతి కూడా అలా ఎవరో ఒకరు తేల్చేస్తారేమోనని భయం."

"టీచరు అడిగేరు కదండీ."

"అడిగేరు" అన్నాడు వైకుంఠరావు.

ఇద్దరు సాక్షులూ టీ తాగి వెళ్ళారు. ఆదినారాయణ మాత్రం ఆ పూట కొట్టు నుంచి రాలేదు.

*

మూడు నెలలు గడిచాయి. చైత్రం చివర్లో టీచరుకి జ్వరం వచ్చింది, ఛాతీలో కఫం నిండింది. ఆ రోజు పొద్దున్న వైకుంఠరావు చుట్టాల పెళ్ళికి ఇచ్ఛాపురం వెళ్ళాడు. పది గంటలకి ఫోను.

"డాట్రుగోరూ, టీచరమ్మ ఊపిరి ఆగిపోనాదండి. పెదాలు నీలమైపోనాయి. అయ్యగోరు అంబులెన్సుకి ఫోన్ సేసీసినారు" అని పుణ్యవతి ఏడ్చింది.

ఆయన బరంపురం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ బయట బెంచీమీద ఆదినారాయణ కూర్చుని ఉన్నాడు. పొద్దున్న చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు, అలాగే ఉన్నాయి.

"గొట్టం పెట్టమంటారా అనడిగినారు" అన్నాడు డాక్టరు మొహం చూడకుండా. "పెట్టండి, ఏటైనా సెయ్యండి అన్నాను. కాయితం బీరువాలో ఉంది. ఉందని నాకు తెలుసు. ఆ నిముషంలో... ఆవిడ కళ్ళు నన్నే సూస్తన్నాయి డాట్రుగారూ. ఒద్దంటన్నాయో, రచ్చించమంటన్నాయో నాకు తెలీలేదు."

వైకుంఠరావుకి కోపం రాలేదు. వస్తే బాగుండేదనిపించింది. పక్కన కూర్చున్నాడు. "నేను ఆ చోట ఉన్నా ఏమనేవాణ్ణో నాకూ తెలీదు" అన్నాడు.

లోపల మిషను ఊపిరి పోస్తోంది. ఛాతీ లెక్కగా లేచి దిగుతోంది. ఊపిరి ఆగిన ఆ కాసేపట్లో మెదడు దెబ్బతింది. రెండో రోజు, మూడో రోజు పరీక్షలు చేశారు. పుణ్యవతి అట్ట తెచ్చి చెవిదగ్గర "అచ్చా? హల్లా?" అని అడిగింది. కళ్ళు సగం తెరుచుకునే ఉన్నాయి కాని ఎటూ కదల్లేదు. పుణ్యవతి ఆ రోజంతా అడుగుతూనే ఉంది. సాయంత్రం నర్సు వచ్చి ఆమెని పక్కకి తీసుకెళ్ళింది.

ఐసీయూ చూసే డాక్టరు ముప్పై అయిదేళ్ళ ఒడియా అమ్మాయి. కాగితం తెచ్చి ఇస్తే రెండుసార్లు చదివించుకుని, నిజాయితీగా చెప్పింది. ఇలాంటిది తనెప్పుడూ చూడలేదని, కాని పద్ధతి ఏమిటో కనుక్కుంటానని. కనుక్కుంది. ముందు ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు చూడాలి. తరవాత జిల్లా వైద్యాధికారి పంపే డాక్టరుతో ఇంకో బోర్డు చూడాలి. రెండు బోర్డుల మాటా ఒకటైతే, కాగితంలో పేరున్నవాళ్ళు ఒప్పుకుంటే, మెజిస్ట్రేటుకి తెలియజేసి అప్పుడు మిషను తియ్యాలి.

మొదటి బోర్డు కూర్చుంది. ఇక తెలివి రాదని రాసింది. రెండో బోర్డుకి ఒక డాక్టరు సెలవులో ఉన్నాడు, ఇంకొకర్ని వెతికారు. అదీ కూర్చుంది. అదే రాసింది. విశాఖపట్నం నుంచి చెల్లెలు ఫోనులో "అక్క ఎలా రాసుకుంటే అలాగే" అని, సంతకం చేసిన కాగితం పంపింది. ఒక్క ఆదినారాయణ మిగిలాడు.

రోజూ పొద్దున్న పది గంటలకి ఆయన్ని లోపలికి పిలుస్తారు. కాగితం ముందు పెడతారు. ఆయన చూస్తాడు, లేచి వచ్చేస్తాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. పెట్టకూడదని వైకుంఠరావే అందరికీ చెప్పాడు. తను మాత్రం రోజూ వెళ్ళి ఆ బెంచీమీద కూర్చునేవాడు. క్లినిక్కు ముందు జనం వచ్చి తిరిగి వెళ్ళిపోతున్నారని తెలుసు. అయినా వెళ్ళేవాడు.

తొమ్మిదో రోజున అడిగాడు. "ఆదినారాయణగారూ, ఆవిడ ఏం రాసిందో గుర్తుందా?"

"ఉంది. ఏడిసాక పెడతానని రాసింది." ఆయన రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని కూర్చున్నాడు. "ఏడుపు అవలేదు డాట్రుగారూ. ఏడుద్దామంటే రాటం లేదు. రాకపోతే ఏటి సెయ్యను?"

పదకొండో రోజు పొద్దున్న ఐసీయూలో నర్సు టీచరు జుట్టు దువ్వుతోంది. పదకొండు రోజుల జడ చిక్కుపడిపోయింది. చిక్కు రాక నర్సు కత్తెర తీసింది. బయట అద్దపు కిటికీలోంచి చూస్తున్న ఆదినారాయణ తలుపు తోసుకుని లోపలికెళ్ళాడు. "ఒద్దమ్మా, కత్తిరించకు, నాను తీస్తాను" అన్నాడు. కొబ్బరినూనె అడిగి తెప్పించుకున్నాడు. స్టూలు వేసుకుని, చివర్ల నుంచి మొదలెట్టి, వేళ్ళతో ఒక్కొక్క పాయా విడదీశాడు. మూడేళ్ళుగా ఆ పని పుణ్యవతిది. ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. గంటన్నర పట్టింది. సగంలో ఉండగా భుజాలు కదలడం మొదలైంది. మొదట చప్పుడు లేదు. తరవాత పక్క మంచం దగ్గరున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. నర్సు తెర లాగింది. జడ అల్లడం ఆయనకి రాలేదు, పుణ్యవతి అల్లింది.

బయటికి వచ్చి, "ఎక్కడ పెట్టాల?" అన్నాడు.

*

మెజిస్ట్రేటుకి కబురు వెళ్ళింది. మర్నాడు పది గంటలకి మిషను తియ్యాలని నిర్ణయించారు.

తియ్యడానికి ముందు డాక్టరమ్మ వైకుంఠరావుని పక్కకి పిలిచింది. "సర్, గొట్టం తీసేక ఆయాసం వస్తుంది. మార్ఫిన్ ఇవ్వాలి. కాని ఎక్కువైతే ఊపిరి ఇంకా తగ్గుతుంది. రేపు ఎవరైనా అడిగితే?"

"అడుగుతారు" అన్నాడాయన. "మనిషికి బాధ తెలియకుండా ఎంత కావాలో అంత ఇవ్వండి. దానికంటే ఎక్కువ వద్దు. భయంతో తక్కువా వద్దు. తక్కువిచ్చిన డాక్టరుని ఎవరూ నిలదియ్యరు, అందుకే అందరం తక్కువిస్తాం. ఎప్పుడు, ఎంత, ఎందుకిచ్చారో రాయండి. రాసింది నిజమై ఉంటే చాలు."

"మీరు పక్కనుంటారా సర్?"

"ఉంటాను."

గొట్టం తీశారు. టీచరు ముఖం చాలా రోజుల తరవాత ముఖంలా కనబడింది. రెండు నిమిషాలు ఊపిరి కోసం గొంతు దగ్గర చర్మం లోపలికి లాక్కుపోయింది. ఆదినారాయణ "డాట్రుగారూ!" అని ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. డాక్టరమ్మ మందు ఎక్కించింది. ఆగి, చూసి, ఇంకొంచెం ఎక్కించింది. గొంతు దగ్గర లాగడం సర్దుకుంది. ఊపిరి చిన్నదై, మెల్లగా ఆడడం మొదలుపెట్టింది.

వెంటనే అయిపోతుందనుకున్నారు. అవలేదు. పదకొండు దాటింది, పన్నెండు దాటింది. ఆదినారాయణ కాసేపు కబుర్లు చెప్పాడు. కొట్టు పన్నెండు రోజులుగా మూసే ఉంది కాబట్టి చెప్పడానికి కొత్త సంగతులు లేవు. పాతవే చెప్పాడు, తేలు సంగతి కూడా. పుణ్యవతి పాదాలు పట్టుకుని కూర్చుంది. వైకుంఠరావు నడుం నొప్పితో నిలబడలేక, కూర్చోలేక కిటికీ పట్టుకుని ఉన్నాడు. తొందరగా అయిపోతే బాగుండునని ఒకసారి అనిపించింది. ఆ కోరిక టీచరు కోసమా, తన నడుం కోసమా అని ఇంకోసారి అనిపించింది.

మూడూ నలభైకి ఊపిరి ఆగింది. ఆగినట్టు మొదట పుణ్యవతికే తెలిసింది. పాదాలు వదిలేసి, కిందికి వంగి దణ్ణం పెట్టింది.

కాగితాలు సిద్ధం కావడానికి గంట పడుతుందన్నారు. ఆదినారాయణ, వైకుంఠరావు ఆసుపత్రి గేటు బయటికి వచ్చారు. ఎదురుగా బండిమీద వడలు వేస్తున్నారు, పక్కన ఘుగుని, బఠానీల కూర, ఉడుకుతోంది. ఇద్దరూ రోడ్డు దాటి అక్కడే నిలబడ్డారు.

"ఆకలేస్తంది డాట్రుగారూ" అన్నాడు ఆదినారాయణ. అనేసి, తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. "ఆకలెలగేస్తంది నాకు?"

"నాకూ వేస్తోంది" అన్నాడు డాక్టరు.

శవం ఇంకా లోపలే ఉంది. తినకూడదని ఇద్దరికీ తెలుసు. ఆకు దొన్నెల్లో వడలు, మీద ఘుగుని పోసి ఇచ్చాడు బండివాడు. పక్కనున్న బల్లమీద కూర్చుని తిన్నారు. ఆదినారాయణ రెండో వడ సగం తిని ఆపాడు.

"నానే సంపీసేనా?"

"లేదు. జబ్బు."

"జబ్బయితే మరి ఆ సంతకం నానెందుకు పెట్టాలొచ్చింది?"

వైకుంఠరావు చాలా సమాధానాలు చదివాడు. తీర్పులో వందల పేజీలున్నాయి. అందులో ఒక్కటీ ఆ బల్లమీదికి తీసుకురావడానికి పనికిరాలేదు.

"మీరు పెట్టకపోతే ఆవిడ మాట అక్కడే ఉండిపోయేది" అన్నాడు చివరికి. "నాకు తెలిసింది అంతే. మిగతాది నాకు తెలీదు ఆదినారాయణగారూ. తెలుసని చెబితే అబద్ధం."

ఆదినారాయణ తల ఊపాడు. మిగిలిన సగం వడ తినేశాడు. గేటు దగ్గర పుణ్యవతి నిలబడి చెయ్యి ఊపుతోంది, కాగితాలు అయ్యాయన్నట్టు. డాక్టరు లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి. ఆదినారాయణ చెయ్యి అందించి లేపాడు. లారీలు పోయేదాకా ఆగి, ఇద్దరూ రోడ్డు దాటారు.